నా షట్టరు ఇంకా పడలేదు

జూన్ 3

ఇది రాయిస్తున్నది నేను. వీధిలో నా పేరు కాజాలమ్మ. చొక్కాల బొత్తాలు దూరే చిల్లుల్ని కాజాలంటారు కదా, వాటి అంచులు చేత్తో కుట్టి బతికినదాన్ని, అందుకని ఆ పేరు. వయసు నా లెక్కలో డెబ్భై ఆరు, కోడలి లెక్కలో ఎనభై. ఉండేది టైలరు షాపు పైన, మొదటి అంతస్తులో. ఇంట్లో నా కొడుకు, అంటే నీ మావయ్య, బస్సు డ్రైవరు. ఇంట్లో కూడా హారను కొట్టినట్టే మాట్లాడతాడు. నా కోడలు, నీ అత్త, చిన్నపిల్లల బడిలో టీచరు. నాతో కూడా వేలు చూపించి మాట్లాడుతుంది. ఇంకో మనిషివి నువ్వు. నువ్వు ఇక్కడ లేవు. అయినా నేను లెక్కలోంచి తీసెయ్యలేదు.

రాసిపెడుతున్నది వెనక వాటాలో ఉండే కంపౌండరు గారు. పెద్దాసుపత్రిలో చేసి రిటైరయ్యారు. ఆయనే రాస్తున్నారు కాబట్టి గారు పెట్టాల్సి వచ్చింది. కోడలి చేత ఎందుకు రాయించలేదని అడుగుతావు. అది నేను చెప్పింది రాయదు, నేను చెప్పి ఉండాల్సింది రాస్తుంది. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోను పెట్టుకుంటే నా చెవిలో తుమ్మెద దూరినట్టుంటుంది. పైగా నువ్వు "ఆఁ ఆఁ, సరే అమ్మమ్మా" అని పెట్టేస్తావు. కాగితాన్ని పెట్టెయ్యలేవు.

ఇక నా వాదన విను.

నా కంట్లో శుక్లం ఉందట. నీ మావయ్య నన్ను కంటాసుపత్రికి లాక్కెళ్ళాడు. డాక్టరు చిన్నపిల్ల, గొంతును బట్టి నీ ఈడే ఉంటుంది. కంట్లో టార్చి కొట్టి, "ఎన్నాళ్ళుగా ఇలా ఉంది బామ్మగారూ?" అంది.

"మా మనవరాలు ఉద్యోగానికి వెళ్ళినప్పటినుంచీ. ఎదురుచూసి చూసి కళ్ళు కాయలు కాశాయి" అన్నాను.

"ఆ కాయ బాగా ముదిరిందండీ, తీసెయ్యాలి" అంది.

మాటకారి. నచ్చింది నాకు. కానీ ఒప్పుకోలేదు. పొర తీసేసి ఆ చోట లెన్స్ పెడతారట. ఒక రోజు కట్టు. మర్నాడు విప్పితే అన్నీ కనబడతాయట. అన్నీ అంటే ఏమిటి? నీ మావయ్య బట్టతల, వంటింటి గోడమీద జిడ్డు, ఎదురింటివాళ్ళు ఆరేసుకున్న బట్టలు. వాటికోసం నేను కన్ను కోయించుకోవాలా? అందరి ముందూ ఒకటే మాట చెప్పాను. కట్టు విప్పే పొద్దున నా ఎదురుగా నా మనవరాలు, నా గుండుసూది నిలబడాలి. మొదట దాని మొహం చూడాలి. ఆ తర్వాత బట్టతలైనా చూస్తాను. అది వచ్చేదాకా నా కంటిమీద ఎవరూ చెయ్యి వెయ్యడానికి వీల్లేదు.

నువ్వు పంపిన ఫోటో అందింది. అందులో నాకొక మబ్బు కనబడింది. మబ్బుకి రెండు చెవులు. నువ్వెలా ఉన్నావని నీ మావయ్యని అడిగితే "చిక్కింది" అన్నాడు. అత్తని అడిగితే "ఒళ్ళు చేసింది" అంది. కంపౌండరు గారు "రక్తం తక్కువున్నట్టుంది" అన్నారు. ముగ్గురూ కలిసి ముగ్గురు పిల్లల్ని చూపించారు. నా పిల్ల మాత్రం దొరకలేదు.

ఎప్పుడొస్తావో తారీఖు రాయి. "వీలు చూసుకుని" అని రాయకు. ఆ మాట నాకు తెలుసు.

నీ అమ్మమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

రాసినవాడు: కంపౌండరు


జూన్ 14

అమ్మమ్మా,

నీ ఉత్తరం స్టూడియో కౌంటరు మీద విప్పి చదువుతుంటే మా ఓనరు తొంగిచూసి, "ఏంటమ్మా, కోర్టు నోటీసా?" అన్నాడు. అంతకన్నా పెద్దదేనండీ అన్నాను.

ఇప్పుడు మాకు ఊపిరాడని రోజులు. బళ్ళు తెరిచారు. పొద్దున షాపు తీసేసరికే మెట్లమీద పిల్లలూ, వాళ్ళ అమ్మలూ. "గడ్డం కొంచెం పైకి. చెవులు కనబడాలి. నవ్వొద్దు." రోజంతా ఇదే పాట. నవ్వొద్దు, నవ్వొద్దు అని చెప్పి చెప్పి నా మొహమే బిగుసుకుపోయింది. సెలవు అడిగితే ఓనరు, "వెళ్ళు. తిరిగొచ్చేసరికి నీ స్టూలు మీద ఇంకొకరుంటారు" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

స్టూడియో కెమెరాని ఆయన గుమ్మం దాటనివ్వడు. అందుకే నాకంటూ ఒకటి ఉండాలి. ఉంటే ఎవర్నీ సెలవు అడగక్కర్లేదు. మావయ్యకి ఫోనులో చెప్పాను, నీకు చెప్పే ఉంటాడు.

లెన్స్ అన్నావుగా, నేనూ అదే గొడవలో కొట్టుకుంటున్నాను. ఉన్న డబ్బు కొంచెం. తెలిసినవాళ్ళంతా ఒకటే మాట: బాడీ మీద పెట్టకు, దండగ. బాడీ ఎంత మంచిదైనా పాతబడిపోయేదే. పెడితే లెన్స్ మీద పెట్టు, అది నిలుస్తుంది అని. నా దృష్టిలో ఒక పాత బాడీ ఉంది. వయసైపోయింది. ఒళ్ళంతా గీతలు. షట్టరు ఇప్పటికే చాలాసార్లు పడింది, ఇంకెన్నాళ్ళు నడుస్తుందో చెప్పలేం. ఉన్నట్టుండి ఆగిపోతే బాగుచేయించడం కూడా శుద్ధ దండగ, పారెయ్యడమే. కానీ చేతికి అలవాటైన బాడీ కదా, వదులుకోవాలంటే మనసు పీకుతోంది. ఏం చెయ్యమంటావు?

కన్ను మాత్రం వాయిదా వెయ్యకు. నా మొహంలో కొత్తగా చూసేదేముంది? అదే ముక్కు, అదే మొండితనం.

నీ గుండుసూది


జూన్ 24

ఒసేయ్ గుండుసూదీ,

నాకు కోపం వచ్చింది. కంపౌండరు గారు "కాస్త మెత్తగా రాద్దామా అమ్మగారూ" అంటున్నారు. మెత్తగా రాస్తే సిరా దండగ. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

నీ ఉత్తరం చదువుతూ చదువుతూ ఆయన మధ్యలో ఆగిపోయారు.

"ఏమైంది?" అన్నాను.

"ఈ మాట మా ఆసుపత్రిలో ఒక్కదానికే వాడతాం అమ్మగారూ."

"ఏ మాట?"

"బాడీ."

"అంటే?"

"ప్రాణం ఉన్నంతవరకూ పేషెంటు అంటాం. పోయాక బాడీ అంటాం."

అమ్మమ్మ బతికుండగానే నీకు బాడీ అయిపోయిందా?

బాడీ మీద పెడితే దండగా? కంటికి లెన్స్ పెట్టించి పడేస్తే చాలా? ఒళ్ళంతా గీతలా? అవును, గీతలే. అవి ఎక్కడివో చెప్తాను, కంపౌండరు గారూ రాయండి. నా ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి దిగిపోయి ఉంటుంది. నీ తల్లి పోయాక నిన్ను ఆ భుజం మీద వేసుకుని, గుడ్డ మోకాళ్ళ మధ్య బిగించుకుని, కుడిచేత్తో కాజాలు కుట్టాను. కింద పెడితే ఏడ్చేదానివి. ఎత్తుకుంటే చొంగ కార్చేదానివి. జనం వేసుకు తిరిగిన కొత్త చొక్కాల్లో సగం నీ చొంగతోనే తడిశాయి. మోచేతి మీద మచ్చ, నువ్వు ఇస్త్రీపెట్టె తాడు పట్టి లాగినప్పుడు నేను చెయ్యి అడ్డం పెట్టినందుకు. నీకు చురక కూడా తగల్లేదు, అయినా నాకన్నా గట్టిగా ఏడ్చావు. వేళ్ళమీద పొడుపులు నువ్వు లెక్కపెట్టలేవు, నేనూ పెట్టలేదు. ఈ పాత బాడీ మీద పెరిగినదానివి, దీని ఖరీదు ఎవర్ని అడుగుతున్నావు?

షట్టరు చాలాసార్లు పడిందా? కింద టైలరు షాపు షట్టరు రోజూ పడుతుంది, రోజూ లేస్తుంది. దాని చప్పుడుకే నాకు మెలకువ వస్తుంది. నా షట్టరు ఇంకా పడలేదు. పడేటప్పుడు నేనే చెప్తాను, నీకు కబురు రాకుండా పడదు.

"ఆగిపోతే పారెయ్యడమే" అన్న ముక్క చదవనన్నారు కంపౌండరు గారు. నేనే పట్టుబట్టి చదివించాను.

నీ మావయ్యకి ఫోనులో చెప్పానన్నావు కదా, సాయంత్రం వాడు డ్యూటీ దిగి రాగానే నిలదీశాను. "ఏం కొంటోందిరా అది?" అంటే "బస్సు మోతలో సగమే వినబడింది. తనకేదో కావాలందమ్మా, మంచిదే కదా" అన్నాడు. "నా బాడీతో దానికేం పని?" అన్నాను. వాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. హారను ఆగిపోయింది. తెలిసి నటిస్తున్నాడని నాకు అర్థమైంది. కోడలు "ఆ ఉత్తరం ఒకసారి ఇలా ఇవ్వండి అత్తయ్యా, నేను చూస్తాను" అంది. ఇవ్వలేదు, రవికలో దోపుకున్నాను. కంపౌండరు గారిని కూడా నోరు విప్పొద్దన్నాను. ఆ పూట భోజనం ముట్టలేదు. మర్నాడు ఆకలేసి తిన్నాను, అది వేరే సంగతి.

ఒక్క ముక్క మాత్రం ఆయన చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. "అలవాటైన బాడీ కదా, వదులుకోవాలంటే మనసు పీకుతోంది" అన్నావు చూడు, అది. పీకుతుంటే రావాలి గానీ, రాసి ఊరుకోవడం ఏమిటే?

నీ అమ్మమ్మ. వేలిముద్ర గట్టిగా నొక్కాను, కాగితం అవతలికి దిగి ఉంటుంది.

రాసినవాడి మనవి: అమ్మాయీ, ఆ మాట నేను చెప్పకుండా ఉండాల్సింది. కానీ అలా రాయకుండా నువ్వూ ఉండాల్సింది.


జూలై 4

అమ్మమ్మా, అమ్మమ్మా, అమ్మమ్మా,

మొదటి పేజీ చదివి పడీ పడీ నవ్వాను. ఇస్త్రీపెట్టె దగ్గరికి వచ్చేసరికి ఏడ్చాను. కౌంటరు దగ్గర నిలబడ్డావిడ తన ఫోటో బాగా రాలేదని ఏడుస్తున్నాననుకుని, "పర్వాలేదమ్మా, నా మొహమే అంత" అని నన్ను ఓదార్చింది.

నీ బాడీని ఎవరూ ఏమీ అనలేదు. కెమెరాని రెండు ముక్కలుగా అమ్ముతారు. ఫోటోని పట్టి దాచుకునే డబ్బా ఉంటుందే, దాన్ని బాడీ అంటారు. దాని ముందు బిగించే గాజు కన్ను లెన్స్. విడివిడిగా కొనుక్కోవచ్చు. "బాడీ ఒక్కటే ఎంతండీ?" అని దుకాణంలో అందరూ అడుగుతుంటారు, ఎవరూ ఏడవరు. కంపౌండరు తాతగారికి చెప్పు, ఇక్కడ బాడీలన్నీ బతికే ఉంటాయని.

నా చిక్కు ఇదీ. దుకాణంలో కొత్త బాడీ ఒకటుంది. చిన్నది, తేలిక, వెనక తెర ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. అమ్మే ఆయన "మేడమ్, దీంతో మీరు తియ్యక్కర్లేదు, అదే తీస్తుంది" అన్నాడు. మరి నేనెందుకు? దాంతోపాటు ఇచ్చే లెన్స్ ఎండలో బాగానే ఉంటుంది. గదిలోకి రాగానే బొమ్మంతా ఇసుక చల్లినట్టు అయిపోతుంది.

రెండోది పాతది. బళ్ళలో గ్రూపు ఫోటోలు తీసే పెద్దాయనది. ఆయన సాయానికి వెళ్ళినప్పుడల్లా నేను పట్టుకున్నదే, అందుకే అలవాటైందని రాశాను. మోకాళ్ళ నొప్పులతో ఆయన పని మానేస్తున్నాడు. ఇటుకంత బరువు. పట్టుకునే చోట రబ్బరు ఊడితే జిగురుతో అంటించాడు. ఒక మూల సొట్ట. కానీ లోపల మోటారు ఉంది. అది ఉంటేనే ఆయన పాత లెన్స్ తనంతట తాను గురి చూసుకుంటుంది. ఆ కొత్త చిన్న బాడీలో మోటారు లేదు. దానికి ఈ లెన్స్ బిగిస్తే నేను చేత్తో తిప్పుకోవాలి, ఈలోపు పిల్లలు తల తిప్పేస్తారు. ఆ లెన్స్ మాత్రం, కిటికీ పక్కన కూర్చోబెట్టిన మొహాన్ని ఎంత బాగా పట్టుకుంటుందో నీకు ఎలా చెప్పను! ఆ లెన్స్‌ని బాడీతో కలిపే ఇస్తానన్నాడు.

పరీక్ష కూడా చేశాను. తెల్లగోడని ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే, లోపల మచ్చలుంటే గోడమీద కనబడతాయి. కనబడ్డాయి, తుడిస్తే పోయాయి. ఇక షట్టరు. ఫోటో తీసిన ప్రతిసారీ లోపల చిన్న తలుపు తెరుచుకుని మూసుకుంటుంది, టక్ మని. దీనిది లెక్కలేనన్నిసార్లు పడింది. పదేళ్ళు నడవొచ్చు, వచ్చేవారమే ఆగిపోవచ్చు. అదే నా భయం. నా దగ్గరున్నది ఒక్కసారికే సరిపోతుంది. తప్పుడుది కొన్నానంటే మళ్ళీ ఆ స్టూలు మీదే కూర్చుని "నవ్వొద్దు" అనాలి, ఎన్నాళ్ళో.

సరైనది చేతికొచ్చిన రోజే స్టూడియో మానేస్తాను. ఆ తర్వాత ఇంటికి రాకుండా నన్నెవరు ఆపుతారు? కంటికి తారీఖు పెట్టించమని మావయ్యకి చెప్తున్నాను.

ఏది కొనను? నువ్వు చెప్పిందే కొంటాను.

నీ గుండుసూది


జూలై 13

గుండుసూదీ,

తప్పు నీదే. కెమెరా అని ఒక్కసారి అని, కాగితం పొడుగునా బాడీ బాడీ అన్నావు. కంపౌండరు గారు సిగ్గుపడి మా గుమ్మం తొక్కడం మానేశారు. కిటికీలోంచి అరిచి పిలిస్తే వచ్చారు. ఇద్దరం నవ్వుకున్నాం. నీ అత్తకి కూడా చెప్పాను. అది వంటింట్లోకి వెళ్ళి నవ్వింది, నాకు వినబడింది.

నన్ను అడిగావు కాబట్టి చెప్తున్నాను. నాకు కెమెరా తెలియదు. అయినా చెప్తాను. ఆ ఇటుకని ఒక రోజు అడిగి తెచ్చుకో. మెడకి వేసుకో. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా దాంతోనే తిరుగు, దాంతోనే టీ తాగు. నీ బరువేమిటో నాకు పొద్దున తెలిసేది కాదు, సాయంత్రానికి తెలిసేది. భుజం లాగేసేది. అయినా దింపబుద్ధయ్యేది కాదు. అలా అనిపిస్తే కొను. దింపెయ్యాలనిపిస్తే ఆ చిన్నదే తెచ్చుకో, నేనేమీ అనను.

ఇంకోటి. ఇచ్చేటప్పుడు ఆ పెద్దాయన చెయ్యి చూడు. టక్కున వదిలేస్తే అందులో ఏదో లోపం ఉంది. వదలడానికి తటపటాయిస్తే తీసుకో.

నువ్వు వచ్చేస్తున్నావని రాశావు కదా, ఇంట్లో హడావుడి మొదలుపెట్టాను. నీ మంచం మీద నా దారాల బుట్టలు ఉండేవి, దింపించాను. నీ అరలో కోడలు బడి పుస్తకాలు పెట్టుకుంది, తీయించాను. "వచ్చాక తీద్దాం అత్తయ్యా" అంది. "వచ్చాక అది నిలబడి చూస్తుంటే తీస్తావా?" అన్నాను. నీ మావయ్య తారీఖు పెట్టించాడు. ఆగస్టు అయిదున కన్ను, ఆరున కట్టు విప్పడం. నేను సరేనన్నాను. డాక్టరు పిల్ల చప్పట్లు కొట్టింది.

ఇది చెప్పాలో వద్దో తెలియదు. మొన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. మెట్లమీద అడుగుల చప్పుడైంది. రెండేసి మెట్లు ఎక్కుతున్నారు. అలా ఎక్కేది నువ్వే. గుమ్మంలోకి వెళ్ళేసరికి ఎదురుగా మబ్బులా ఒక పిల్ల, భుజానికి సంచీ. "తారీఖు చెప్పకుండా వస్తావుటే!" అని గట్టిగా వాటేసుకున్నాను. తిట్టాను కూడా. చిక్కిపోయావన్నాను. వీపు నిమిరాను. ఆ పిల్ల కదల్లేదు. నా తిట్లన్నీ అయ్యేదాకా అలాగే నిలబడి, మెల్లగా, "నేను కరెంటు మీటరు చూడ్డానికి వచ్చానండీ" అంది. అప్పుడు కూడా వెంటనే వదల్లేదు నేను. ఆ పిల్లా వదిలించుకోలేదు. మీటరు చూసుకుని వెళ్ళేటప్పుడు, "మీ వాళ్ళు ఎప్పుడొస్తారండీ?" అని అడిగింది. "వస్తోంది. మంచం ఖాళీ చేశాను" అని చెప్పాను.

అందుకని తొందరగా రా. లేకపోతే ఈ వీధికి పోస్టు తెచ్చేవాళ్ళనీ, పాలు పోసేవాళ్ళనీ కూడా వాటేసుకునేలా ఉన్నాను.

నీ అమ్మమ్మ, వేలిముద్ర

రాసినవాడు: కంపౌండరు (నా అద్దాలు కూడా మసకబారాయి. తుడుచుకుని రాశాను.)


జూలై 24

అమ్మమ్మా,

పాతదే కొన్నాను. నువ్వు చెప్పినట్టే ఒక రోజంతా మెడలో వేసుకుని తిరిగాను. సాయంత్రానికి మెడ మీద పట్టీ వాత పడింది. దింపబుద్ధి కాలేదు.

పెద్దాయన నా చేతిలో పెట్టాడు గానీ పట్టీ వదల్లేదు. "ఉండమ్మా, ఒక్కటి తీసుకోనీ" అన్నాడు. కిటికీ బయట వీధిలో ఎవరూ లేరు. ఆ ఖాళీ వీధినే ఒక ఫోటో తీశాడు. టక్. అప్పుడు వదిలాడు. అది చెరపకుండా ఉంచాను.

స్టూడియో మానేశాను. ఓనరు "మళ్ళీ వస్తావులే" అన్నాడు.

ఇక రాయాల్సింది రాస్తాను. కెమెరాతో పాటు ఆ పెద్దాయన తను ఏటా తీసే బళ్ళు కూడా నాకు అప్పజెప్పాడు. ప్రతి క్లాసు గ్రూపు ఫోటో, ప్రతి పిల్ల ఫోటో. అన్నిట్లోకీ పెద్ద బడి ఆగస్టు అయిదు, ఆరు తారీఖుల్లో తియ్యాలి. హెడ్‌మాస్టరు గారికి ఆయన నన్ను చూపించి, "ఇక మీదట ఈ అమ్మాయే" అన్నాడు. ఆ బడి తీస్తే మిగతావి కూడా నావి. తియ్యకపోతే మా ఓనరు మనిషి అక్కడ కాసుకుని ఉన్నాడు. రోజులు మార్చమని అడిగాను, పరీక్షలు పెట్టుకున్నాం కుదరదన్నారు. కంటి తారీఖు మార్చమని మావయ్యని అడిగాను. ఇంకా ఆలస్యమైతే కోయడం కష్టమని డాక్టరమ్మ అందట.

స్టూడియో మానేస్తే వీలైనప్పుడల్లా ఇంటికి రావచ్చన్న అర్థంతో రాశాను నేను. అక్కడే ఉండిపోవడానికి వచ్చేస్తున్నానని నీకు వినబడింది. నేను సరిగ్గా రాయలేదు. దారాల బుట్టలు దింపించానన్న చోట నాకు కాగితం కనబడలేదు.

ఒక్క మాట రాయించు అమ్మమ్మా. "రా" అని ఒక్క అక్షరం. అన్నీ వదిలేసి వస్తాను. ఒట్టు, వస్తాను. నువ్వు రమ్మంటే నాకు ఏ బడీ వద్దు. కానీ నన్ను తేల్చుకోమనకు, నా వల్ల కావడం లేదు.

నీ గుండుసూది


ఆగస్టు 9

గుండుసూదీ,

నీ ఉత్తరం వేళకే అందింది. జవాబు నేనే ఆపాను.

"రా" అని ఒక్క అక్షరం చాలన్నావు. కంపౌండరు గారు కాగితం తీసి, "రాయమంటారా?" అన్నారు. రాయమన్నాను. రాశారు. చదువు లేనిదాన్నయినా ఆ అక్షరం ఎలా ఉంటుందో చూడాలనిపించి కాగితం ముక్కుకి ఆనించుకున్నాను. కనబడలేదు. ఇక వేలిముద్ర వెయ్యాలి. సిరా అంటించుకుని వేలు కాగితం మీదికి తెచ్చాను. నేను వేస్తే నువ్వు వస్తావు. అందులో అనుమానం లేదు. వచ్చి నన్ను చూస్తావు, ఉంటావు. తర్వాత మళ్ళీ ఆ స్టూలెక్కి కూర్చుని, నవ్వే పిల్లల్ని నవ్వొద్దంటావు. నేను వేలు అలాగే పట్టుకుని కూర్చున్నాను. కంపౌండరు గారు తొందరపెట్టలేదు. కాసేపటికి, "సిరా ఆరిపోయిందండీ" అన్నారు. "ఆరనీండి" అన్నాను.

అయిదో తారీఖున వెళ్ళి కన్ను ఇచ్చాను. నొప్పి లేదు. డాక్టరు పిల్ల ఏవో కబుర్లు చెబుతూనే ఉంది. మర్నాడు పొద్దున కట్టు విప్పింది. "నెమ్మదిగా తెరవండి బామ్మగారూ" అంది. తెరవలేదు. "నా ఎదురుగా ఎవరున్నారు?" అన్నాను. "మీ అబ్బాయి, మీ కోడలు" అంది. "పక్కకి జరగమనండి. ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వెయ్యండి" అన్నాను. నీ మావయ్య ఏదో అనబోయాడు. నీ అత్తే "ఊరుకోండి" అని, తనే వెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది.

అప్పుడు తెరిచాను. ఆకుపచ్చ ప్లాస్టిక్ కుర్చీ. వీపు దగ్గర పగిలితే తీగతో కట్టారు. ఆ తీగ మెలికలు కూడా కనబడ్డాయి. అంత బాగా కనబడ్డందుకు ఒళ్ళు మండింది. చాలాసేపు దాన్నే చూశాను. నీ చోటు ఎవరికీ ఇవ్వలేదు.

ఆ తర్వాత మిగతావాళ్ళని చూశాను. నీ మావయ్య బట్టతల నేను అనుకున్న దానికన్నా నున్నగా ఉంది. నీ అత్తకి జుట్టు ఎంత నెరిసిందో! ఒక్కరూ చెప్పలేదు. దాని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని చూశాను. "ఏంటత్తయ్యా అలా చూస్తారు?" అని సిగ్గుపడింది. కంపౌండరు గారు గొంతుకి తగినట్టు లేరు, నీటుగా ఉన్నారు. ఇది రాయనంటున్నారు. రాయమన్నాను.

నువ్వు రానందుకు కోపం లేదని రాయించమని నీ అత్త పక్కన కూర్చుని పోరుతోంది. ఉంది. కంపౌండరు గారూ, ఉందని రాయండి. కోపం ఉంది, నువ్వు ఆ బడి తీశావని సంతోషమూ ఉంది. రెండూ ఒకే గదిలో ఉంటున్నాయి, నేనూ నీ అత్తా ఉన్నట్టు.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్ళు చేసింది కుడి కన్ను. ఎడమ దానికీ పొర ఉంది. నెలాఖరులోగా అదీ చేసేద్దామంది డాక్టరు పిల్ల. కుదరదన్నాను.

"ఒక కన్నుతో ఎన్నాళ్ళుంటారు బామ్మగారూ?"

"అది నాది కాదు. మా మనవరాలిది."

"అది కూడా ముదిరిపోతే?"

"ముదరక ముందే వస్తుంది. దానికిప్పుడు ఎవర్నీ సెలవు అడిగే పని లేదు."

ఆ పిల్ల రాసుకోవడం ఆపి నా మొహంలోకి చూసింది. అది కూడా నాకు కనబడింది.

అందుకని నువ్వు నీ బళ్ళన్నీ తీసుకో. ఒక్క బడినీ వదలకు. తీసుకుని, అన్నీ అయ్యాక రా. ఈ కుడి కన్నుతో నేను సూదిలో దారం ఎక్కిస్తాను, నీ అత్తతో పోట్లాడతాను, కరెంటు పిల్లని కరెంటు పిల్లలాగే చూస్తాను. చూడాల్సినవన్నీ దీంతో చూస్తాను. ఎదురుచూడటం మాత్రం ఆ రెండోదాంతో.

నీ అమ్మమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర. ఈసారి ఎక్కడ వేస్తున్నానో చూసి వేశాను.

సాక్షులు:
రాసినవాడు, వెనక వాటా కంపౌండరు
పక్కన కూర్చుని విన్నది, కోడలు. ఒక్క మాట కూడా మార్చలేదు.